గూటికి ఎవరూ రాలేదు: రాబందు కథతో చదవడం నేర్పించిన అనుభవం

ప్రశ్న ఇది: "దేవరకొండ వైపు ఒక తండాలో ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మూడు, నాలుగు తరగతులు కలిపి 19 మంది పిల్లలు. కొందరు ఒత్తు కనిపించగానే ఆగిపోతారు. కొందరు గడగడా చదువుతారు గానీ, ఏమి చదివావని అడిగితే నోరు మెదపరు. అంతరించిపోతున్న పక్షుల మీద ఒక కథ తీసుకుని దాంతో చదవడం నేర్పాలని ఉంది. ఏ పక్షిని తీసుకోవాలి? ఎలా మొదలుపెట్టాలి?"

టీచర్ గారూ,

నల్లగొండ, పాలమూరు జిల్లాల ప్రాథమిక పాఠశాలల్లో 26 ఏళ్ళు పనిచేశాను. అందులో తొమ్మిదేళ్ళు ఏకోపాధ్యాయ పాఠశాలల్లోనే గడిచాయి. పక్షి కథతో చదవడం నేర్పే ప్రయత్నం నాలుగు బడుల్లో చేశాను. మొదటి రెండు చోట్ల అది కుదరలేదు. ఎందుకు కుదరలేదో ముందు చెబుతాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

అప్పట్లో నేను కథ మొత్తం నోటితో చెప్పేదాన్ని. బాగా చెప్పేదాన్ని కూడా. పిల్లలు కళ్ళప్పగించి వినేవారు. ఆ తరువాత అదే కథ రాసిన కాగితం చేతికిచ్చి చదవమనేదాన్ని. వాళ్ళు కాగితం వైపు చూడకుండానే కథ అప్పజెప్పేవారు. ఏ పక్షి చచ్చిందో, ఎందుకు చచ్చిందో అన్నీ నా నోటి నుంచి వినేశాక, ఇక అక్షరాలతో కుస్తీ పట్టాల్సిన అవసరం ఏముంది? తప్పు పిల్లలది కాదు, నాది. మూడో బడి నుంచి పద్ధతి మార్చాను. ఏమి జరిగిందన్నది నేను చెప్పను. అది పేజీలోనే ఉంటుంది. కావాలంటే చదివి తెలుసుకోవాలి. ఆ ఒక్క మార్పుతో తరగతి తీరే మారింది. మిగతా సలహాలన్నీ మీ వీలునుబట్టి మార్చుకోండి గానీ, దీన్ని మాత్రం వదలకండి.

ఇక పక్షి సంగతి. చాలామంది పిచ్చుకతో మొదలుపెడతారు. పిచ్చుక మనకు ప్రాణమే. కానీ అది అంతరించే ముప్పు ఉన్న పక్షుల జాబితాలో లేదు. బడి చూరులో పిచ్చుక గూడు ఉంటే, "పిచ్చుకలు అంతరించిపోతున్నాయి" అని చదివిన పిల్లవాడు తల పైకెత్తి చూస్తాడు. పేజీలో ఒకటి ఉంది, కళ్ళ ముందు మరొకటి ఉంది. చదువు ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లవాడికి అచ్చులో ఉన్న మాట మీద నమ్మకం పోకూడదు.

నేను రాబందును ఎంచుకున్నాను. మన పిల్లలకు తెలియని వస్తువు ఆ కథలో ఒక్కటీ లేదు. ఎద్దు తెలుసు, పశువుల డాక్టరు తెలుసు, ఇంజెక్షన్ తెలుసు, చచ్చిన పశువును ఊరి బయట వదిలే చోటు తెలుసు. తెలిసిన ఈ వస్తువుల మధ్యలో తెలియనిది ఒకటే ఉంది: ఇన్ని పక్షులు ఎలా పోయాయి? పిల్లలు దాని వెంట పడతారు.

కథను నాలుగు పేజీలుగా విడగొట్టాను. మొదటి పేజీ ఇది:

"ఊరి బయట ఒక కొండ. కొండ మీద గూడు. గూటిలో ఒక రాబందు కూన. కూనకు ఆకలి వేసింది. పగలంతా ఎదురు చూసింది. సాయంకాలం అయింది. చీకటి పడింది. గూటికి ఎవరూ రాలేదు."

ఎనిమిది వాక్యాలు, 24 మాటలు, ఒక్క ఒత్తు కూడా లేదు. గుణింతాలు వచ్చిన పిల్లవాడు ఎవరి సాయమూ లేకుండా చివరి వాక్యం దాకా రాగలడు. ఆ చివరి వాక్యం దగ్గర నేను ఆపేస్తాను. "ఎందుకు రాలేదు?" అని అడుగుతాను. జవాబు చెప్పను.

పాలమూరు జిల్లాలో ఒక ఊళ్ళో ఈ పేజీ చదివించిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని కూర్చునే మూడో తరగతి అమ్మాయి, మాట తక్కువ పిల్ల, వేలు చివరి వాక్యం కిందే ఉంచి తల ఎత్తకుండా అడిగింది: "వాళ్ళమ్మ బొంబాయికి పోయిందా టీచర్?" ఆమె అమ్మానాన్నలు అప్పటికి మూడు నెలలుగా ముంబయిలో కట్టడం పనుల్లో ఉన్నారు. పిల్ల అవ్వ దగ్గర ఉంటోంది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. "రేపటి పేజీలో ఉంటుంది, చూద్దాం" అన్నాను. మరునాడు బడి గంట కొట్టకముందే ఆ పిల్ల వచ్చి కూర్చుంది. వలస వెళ్ళినవారి పిల్లలు మీ తరగతిలోనూ ఉండే ఉంటారు. అలాంటి మాట వస్తే దాటవేయకండి, పొడిగించి పిల్లను నలుగురిలో నిలబెట్టనూ వద్దు. ఆమె కథను తన బతుకుతో కలిపి చదివింది, గడగడా చదివే పిల్లలకు మనం నేర్పాల్సిందీ ఇదే.

ఒక్కో పేజీకి మూడు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు మీ ఆదర్శ పఠనం, అంటే పిల్లల కంటే ముందు మీరు చదివి వినిపించడం, ఉండకూడదు. ఇది మనకు శిక్షణలో చెప్పిన వరుసకు విరుద్ధంగా ఉంటుందని నాకు తెలుసు. మామూలు పాఠానికి ఆ వరుస సరైనదే. ఇక్కడ మాత్రం ముందు పిల్లలే ఇద్దరిద్దరుగా కూర్చుని, వేలు పెట్టి, కూడబలుక్కుని చదవాలి. పది నిమిషాలు తరగతి గోలగోలగా ఉంటుంది, ఉండనివ్వండి. రెండో రోజు మీరు చదవండి, కథలా, ఆగాల్సిన చోట ఆగుతూ. "చీకటి పడింది" తరువాత ఒక క్షణం ఆగండి. మీరు ఎందుకు ఆగారో పిల్లలకు అర్థమవుతుంది. మూడో రోజు ఒక్కొక్కరూ మీ పక్కన కూర్చుని చదువుతారు. ఒకే పేజీని మూడు రోజులు చదివితే విసుగు రాదా అని అడుగుతారేమో. రాదు, ఎందుకంటే తరువాతి పేజీ మీ సంచిలో ఉందని వాళ్ళకు తెలుసు.

రెండో పేజీలో ద్విత్వాలు వస్తాయి:

"రెండు రోజుల ముందు తల్లి రాబందు గుట్ట దాటి వెళ్ళింది. ఒక చెట్టు పక్కన చచ్చిన ఎద్దు కనిపించింది. తల్లి కడుపు నిండా తిన్నది. మరునాడు దాని రెక్కలు బరువెక్కాయి. ఒక కొమ్మ మీద వాలింది. మెడ వంచి అలాగే ఉండిపోయింది."

ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలకు ఒత్తుల పట్టిక మళ్ళీ మళ్ళీ దిద్దిస్తే అది పట్టికలో వస్తుంది, వాక్యంలో రాదు. నా దగ్గర ఒక అబ్బాయి "ఎద్దు"ను ప్రతిసారీ "ఎదు" అనేవాడు. ఈ పేజీలోనూ "చచ్చిన ఎదు" అని చదివాడు. నేను సరిదిద్దలేదు. ఆగాడు. "చచ్చిన ఎదు... ఎదు అంటే ఏమిటి?" అని తనలో తానే అనుకున్నాడు. కళ్ళు మళ్ళీ ఆ అక్షరం మీదకు వెళ్ళాయి. "ఎద్దు!" అన్నాడు, గట్టిగా. ఒత్తు వదిలేస్తే కథ ముందుకు నడవదని అతనికి తెలిసింది. మనం వెంటనే సరిదిద్ది ఉంటే ఆ తెలివిడి అతనికి దక్కేది కాదు. పిల్లవాడు తప్పు చదివినప్పుడు వాక్యం పూర్తయ్యేదాకా నోరు మూసుకుని ఉండటం టీచరుకు చాలా కష్టమైన పని. నాకు అలవాటు కావడానికి ఏళ్ళు పట్టింది.

మూడో పేజీ కథకు ఆయువుపట్టు:

"ఆ ఎద్దు అంతకుముందు కుంటుతూ ఉండేది. రైతు పశువైద్యుణ్ణి పిలిచాడు. వైద్యుడు నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇచ్చాడు. ఎద్దుకు నొప్పి తగ్గింది. కానీ దానికి వేరే జబ్బు కూడా ఉంది. మరునాడు చనిపోయింది. రైతు దాన్ని ఊరి బయట వదిలాడు. మందు దాని మాంసంలో ఇంకా ఉంది."

గమనించండి, రాబందు ఎందుకు చనిపోయిందో ఈ పేజీలో ఎక్కడా రాసి లేదు. రెండో పేజీనీ మూడో పేజీనీ కలిపితేనే తెలుస్తుంది. ఇక్కడ రెండు ప్రశ్నలు అడగండి. ఎద్దు ఎందుకు చనిపోయింది? రాబందు ఎందుకు చనిపోయింది? గడగడా చదివే పిల్లల్లో ఎక్కువమంది రెండింటికీ "మందు వల్ల" అంటారు. వాళ్ళకు "ఇంజెక్షన్", "చనిపోయింది" అన్న రెండు మాటలే గుర్తుంటాయి, మధ్యలో ఉన్న "వేరే జబ్బు" జారిపోతుంది. అప్పుడు తప్పు అనకండి. "ఎద్దు మందు వల్ల చచ్చిందని ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించు" అనండి. వెతుకుతారు, దొరకదు. దొరకకపోవడమే వాళ్ళకు మొదటి పాఠం. నెమ్మదిగా చదివే పిల్లలు చాలాసార్లు ఈ ప్రశ్నకు ముందుగా సరైన జవాబు చెబుతారు, ఎందుకంటే ప్రతి మాట దగ్గరా వాళ్ళు ఆగి వచ్చారు. ఏళ్ళ తరబడి "వెనకబడినవాడు" అనిపించుకున్న పిల్లవాడు ఆ రోజు ముందుకు వస్తాడు.

ఇంకో సంగతి. ఎవరో ఒకరు తప్పకుండా "డాక్టరు చెడ్డవాడు" అంటారు. మళ్ళీ పేజీకే తీసుకెళ్ళండి. డాక్టరు ఎందుకు వచ్చాడు? ఎద్దుకు నొప్పి తగ్గిందా, లేదా? మంచి చేయబోయిన పనిలోంచే ఎవరికీ తెలియని కీడు పుట్టిన కథ ఇది. తొమ్మిదేళ్ళ పిల్లలకు ఇది అర్థం కాదనుకోకండి.

మీకు తెలిసి ఉండాల్సిన వాస్తవాలు కొన్ని చెబుతాను, పిల్లలు లోతుగా అడుగుతారు గనుక. ఆ మందు పేరు డైక్లోఫెనాక్. ఇచ్చిన కొద్ది రోజుల్లోనే పశువు చనిపోతే దాని మాంసంలో మందు మిగిలి ఉంటుంది. అది తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడవుతాయి. యూరిక్ ఆమ్లం పేరుకుని లోపలి అవయవాల మీద సుద్ద పూసినట్టు తెల్లగా కడుతుంది. 1990ల నుంచి రాబందులు ఎందుకు రాలిపోతున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన ఈ మందును పట్టించింది. మన దేశంలో పశువులకు దీని వాడకాన్ని 2006లో నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ బదులుగా వచ్చింది. మనుషుల కోసం తయారుచేసిన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో ఆ ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల మోతాదుకే పరిమితం చేశారు. ఇదే రకం హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా 2023లో పశువులకు వాడకుండా నిషేధించారు. తెలంగాణలో పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు కట్టుకున్న చోటుగా ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్టకు పేరుంది. పిల్లలు "కొండ మీద గూడు నిజమేనా?" అని అడిగితే ఈ పేరు చెప్పండి.

సంఖ్య చెప్పేటప్పుడు శాతాలు వద్దు. 1992 నుంచి 2007 లోపు తెల్ల వీపు రాబందులు వెయ్యింటికి ఒకటి చొప్పున మిగిలాయి. నేను పిల్లల చేత వెయ్యి చింతగింజలు లెక్కపెట్టించాను. వందేసి గింజల కుప్పలు పది, నేల మీద. ఆ తరువాత ఒక్క గింజ ఉంచి మిగతావి గంపలోకి ఎత్తమన్నాను. గంప నిండుతున్నకొద్దీ మాటలు ఆగిపోయాయి. ఆ ఒక్క గింజను ఒక పిల్ల రెండు నెలలు తన పెట్టెలో దాచుకుంది.

మీది తండా బడి అన్నారు కాబట్టి ఒక మాట. లంబాడీ ఇంటిభాషగా ఉన్న పిల్లలకు "కూన", "బరువెక్కాయి" వంటి మాటలు కొత్త. చదవలేకపోవడానికి అక్షరం రాకపోవడం ఒక కారణం, అక్షరం వచ్చినా ఆ మాట ఎన్నడూ వినకపోవడం మరో కారణం. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. పేజీ ఇచ్చే ముందు నాలుగు మాటలను నల్లబల్ల మీద రాయండి. వాటిని ఇంట్లో ఏమంటారో పిల్లలను అడిగి, వాళ్ళు చెప్పిన లంబాడీ మాటను తెలుగు అక్షరాల్లోనే పక్కన రాయండి. తన ఇంటి మాట బల్ల మీద కనిపించిన పిల్లవాడి ముఖం మీరే చూస్తారు. అంతేకాదు, తన నోట ఉన్న శబ్దం ఏ అక్షరంగా మారిందో కూడా అప్పుడే గమనిస్తాడు.

నాలుగో పేజీ సగం నేను రాస్తాను, సగం పిల్లలు తెస్తారు. నా వంతు చిన్నది: "తెల్లవారింది. గూటి మీద నీడ పడింది. తండ్రి రాబందు వచ్చింది." కూన గతి తేలకుండా పిల్లలు మిమ్మల్ని వదలరు. రాబందుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ పిల్లను సాకుతాయి గనుక ఇది కల్పించిన ఊరట కాదు. ఇక పిల్లల వంతు. "మీ చిన్నప్పుడు రాబందులను చూశారా?" అని ఇంట్లో తాతనో అవ్వనో అడిగి రావాలి. విన్నది ఒక్క వాక్యంగా రాయాలి. యాభై దాటిన వారిలో చాలామందికి ఆ జ్ఞాపకం ఉంటుంది. ఒక తాత తానే బడికి వచ్చి రెండు చేతులూ బారచాపి, "ఇంతకంటే పెద్దవి" అన్నాడు. అప్పటికప్పుడు రెండు మీటర్ల దారం కొలిచి గోడకు కట్టాం. తెల్ల వీపు రాబందు రెక్కల వెడల్పు సుమారు అంత ఉంటుంది. పిల్లలు ఒక్కొక్కరే దాని కింద చేతులు చాచి కొలుచుకున్నారు. పెద్దల మాటలన్నీ పెద్ద అక్షరాలతో చార్టు మీదకు ఎక్కించండి. తన తాత మాటను ఇతరులు చదువుతుంటే వినడం కోసం పిల్లవాడు అందరి మాటలూ చదువుతాడు.

నాలుగో తరగతి వారికి రాబందు కథ తరువాత మరో మూడు పక్షులు చాలు. బట్టమేక పిట్ట ఒకటి. ఆ పేరు వినగానే నా తరగతిలో సగం మంది మేక బొమ్మ వేశారు. మాటను ముక్కలు చేసి అర్థం ఊహించడం ఎప్పుడూ పనికిరాదని, తరువాతి వాక్యం దాకా ఆగాలని చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. తరువాతి వాక్యంలో అది నేల మీద ఒకే ఒక గుడ్డు పెట్టే మీటరు ఎత్తు పక్షి అని ఉంటుంది. ఆలంపూర్ వైపు పిల్లలకైతే, నది దాటి కర్నూలు అవతల ఉన్న రోళ్ళపాడు అభయారణ్యం దాని కోసమే పేరుపొందిందని చెప్పాను. దేశం మొత్తం మీద ఇవి ఇప్పుడు 150 కూడా ఉండవు.

రెండోది కలివికోడి. "తగ్గిపోయింది", "కనిపించలేదు", "ఇక లేదు" అన్న మూడు మాటల మధ్య తేడా ఈ పక్షితో చెప్పండి. 1900 తరువాత అది ఎవరి కంటా పడలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. అంటే ఎనభై ఏళ్ళకు పైగా "కనిపించలేదు" అనాల్సిన చోట "ఇక లేదు" అనుకున్నారన్నమాట. ఒక్క క్రియ మారితే ఎంత తేడా వస్తుందో పిల్లలు దీనితో పట్టుకుంటారు. మూడోది మన రాష్ట్ర పక్షి పాలపిట్ట. అది అంతరించిపోతున్న పక్షి అని రాయకండి, ఆ జాబితాలో లేదు. కానీ దేశంలో గత పన్నెండేళ్ళలో దాని సంఖ్య దాదాపు 30 శాతం తగ్గిందని 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక చెప్పింది. కాబట్టి దానికి సరిపోయే మాట "తగ్గిపోయింది".

ఒక హెచ్చరిక. "మనం పక్షులను కాపాడాలి" అన్న వాక్యాన్ని కథలో గానీ బల్ల మీద గానీ రాయకండి. ఆ వాక్యం ఒకసారి చెవిన పడిందంటే, ఏ ప్రశ్న అడిగినా పిల్లలు అదే రాస్తారు. రాబందు ఎందుకు చనిపోయిందని అడిగినా "పక్షులను కాపాడాలి" అనే జవాబు చూశాను, పన్నెండు కాగితాల్లో. చదవకుండానే మార్కులు తెచ్చిపెట్టే వాక్యం అది. పక్షి మీద ప్రేమ వాళ్ళకు కూన దగ్గరే పుట్టేసింది, నినాదం అక్కర్లేదు. చచ్చిన పక్షుల ఫొటోలు ఫోనులో చూపించడం కూడా వద్దు. ఫొటో చూశాక పేజీ వైపు ఎవరూ చూడరు.

వేగం గురించి కూడా అడుగుతారు పై అధికారులు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి 60 పదాలు అని ఉంది. కానీ "ఎదురుచూస్తున్నాయి" అన్నది తెలుగులో ఒకే పదం. గడియారం పెట్టి చదివిస్తే పిల్లలు ఆ పదం తోక మింగేస్తారు. నేను నెలకు ఒక్కసారే సమయం చూసుకుంటాను, అదీ పిల్లలకు తెలియకుండా. మిగతా రోజుల్లో ఒకటే రాసుకుంటాను: ఈ రోజు ఎవరు తమంతట తాము వెనక్కి వెళ్ళి సరిదిద్దుకుని చదివారు? ఆ పేర్లు పెరుగుతుంటే పని సాగుతున్నట్టే.

వీలైతే దసరా సెలవులకు మూడు వారాల ముందు మొదలుపెట్టండి. సెలవుల్లో ఒకే పని ఇవ్వండి. పాలపిట్ట కనిపిస్తే ఎక్కడ, ఏమి చేస్తూ కనిపించిందో మూడు నాలుగు వాక్యాలు రాసుకు రావాలి. పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడిగేవారి పిట్ట లెక్కలోకి రాదని ముందే చెప్పండి. ఇందాక చెప్పిన "ఎదు" అబ్బాయి ఆ సెలవుల తరువాత తెచ్చిన కాగితంలో ఇలా ఉంది: "పాలపిట్ట కరెంటు తీగ మీద ఉంది. నన్ను చూసింది. ఎగిరింది. మళ్ళీ వచ్చింది." ఒత్తులన్నీ ఉన్నాయి. దాన్ని అలాగే చార్టు మీద రాసి గోడకు పెట్టాను. మధ్యాహ్నం రెండో తరగతి పిల్ల ఒకతి దాని ముందు నిలబడి, వేలు పెట్టి చివరిదాకా చదివి, వెనక్కి తిరిగి అతణ్ణి అడిగింది: "ఎందుకు మళ్ళీ వచ్చింది?"